సుడిదోమ ఆకలి: దోమపోటు వెనుక ఉన్న శరీరధర్మం

పెద్దలకు, వ్యవసాయ విద్యార్థులకు, పొలం పనులు పక్కన పెట్టి వచ్చిన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం.

ఆహార పంటలను దెబ్బతీసే పురుగుల శరీరధర్మం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఒక్క గంటలో అన్ని పురుగులనూ పలకరించి వెళితే ఏదీ మనసుకు పట్టదు కాబట్టి, నేను ఒక్క పురుగునే తీసుకుంటాను. అది వరి కాండం రసం పీల్చి బతికే, మన వరి రైతులందరికీ తెలిసిన సుడిదోమ. ఖరీఫ్‌లో పైరు పొట్ట దశకు వచ్చి, ఇక కోతకు ఎదురుచూడటమే మిగిలిందనుకునే సమయంలో మడి మధ్యలో గుండ్రంగా ఒక మచ్చ పసుపు రంగుకు తిరిగి, వారం తిరిగేసరికి ఎండిపోయి, చుట్టూ విస్తరించుకుంటూ పోవడం గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకూ, సాగర్ ఆయకట్టు రైతులకూ కొత్త కాదు.

ఈ పురుగు గురించి మన దగ్గర జరిగే చర్చ సాధారణంగా ఏ మందు కొట్టాలన్న ప్రశ్నతో మొదలై, ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. అది ఏం తింటుంది, తిన్నది దాని ఒంట్లో ఏమవుతుంది, దానికి దేని కొరత ఉంది అన్న ప్రశ్నలను మనం అరుదుగా వేసుకుంటాం. ఈరోజు నేను మీ ముందు ఉంచదలచుకున్న మాట ఇది: సుడిదోమ బతుకంతా నత్రజని కొరతతో సాగుతుంది, ఆ కొరతను అధిగమించడానికే దాని నోరు, పేగు, కొవ్వు కణజాలం, చివరికి రెక్కలు కూడా ఇప్పుడున్న తీరులో అమరాయి, మనం పొలంలో చేసే కొన్ని పనులు ఆ కొరతను మన చేతులతోనే తీర్చిపెడుతున్నాయి.

ముందుగా దాని నోటి సంగతి చూద్దాం. సుడిదోమ నాలుగైదు మిల్లీమీటర్లకు మించని చిన్న పురుగు. వరి దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటి మట్టానికి కాస్త పైన కాండం మొదలును చూస్తే, తలలు పైకి పెట్టుకుని వరుసగా అంటుకుని ఉన్న గోధుమ రంగు పురుగులు కనిపిస్తాయి. చేయి తగలగానే అవి పక్కకు నడిచి కాండం అవతలి వైపుకు చేరతాయి. నీటిపై తెల్లగా తేలే పొట్టులాంటివి పిల్ల పురుగులు విడిచిన కుబుసాలు. ఈ పురుగు నోటిలో వెంట్రుక కన్నా సన్నని సూదుల కట్ట ఉంటుంది. అందులో రెండు కాలువలు: ఒకదాని గుండా లాలాజలం మొక్కలోకి దిగుతుంది, రెండోదాని గుండా మొక్క రసం పురుగులోకి ఎక్కుతుంది. లాలాజలం కూడా రెండు రకాలు. మొదటిది బయటకు రాగానే గడ్డకట్టి సూది చుట్టూ గొట్టంలా ఏర్పడుతుంది. రెండోది నీరులా పలుచగా ఉండి కణగోడలలోని సెల్యులోజును కరిగించే ఎంజైములనూ, మొక్క రక్షణ స్పందనను అణచివేసే ప్రొటీన్లనూ మోసుకుపోతుంది.

సూది చేరవలసిన చోటు ఆకు తొడుగులోని పోషక కణజాలం. ఆకుల్లో తయారైన చక్కెర వేర్లకూ, పిలకలకూ, గింజకూ ప్రయాణించే దారి అదే. ఆ నాళాలలో రసం ఒత్తిడితో ఉంటుంది కాబట్టి సూది సరైన చోట దిగిన తర్వాత పురుగు పెద్దగా శ్రమపడనక్కరలేదు. ఈ సంగతిని శాస్త్రవేత్తలు ఎంతో అందంగా ఉపయోగించుకున్నారు. 1980లో జపాన్ పరిశోధకులు, రసం పీలుస్తున్న దోమల సూదులను లేజర్ కిరణంతో కోసివేసి, మొక్కలో మిగిలిపోయిన సూది మొన నుంచి బొట్టుబొట్టుగా ఊరిన స్వచ్ఛమైన వరి రసాన్ని సేకరించగలిగారు. మనుషులు తయారుచేసిన ఏ సూదీ అంత చిన్న నాళాన్ని చిట్లకుండా పట్టుకోలేదు. వరి మొక్క తన ఒంట్లో ఏ ఆహారాన్ని ఎటు పంపుతుందో మనం తెలుసుకున్నదానిలో మంచి భాగం ఈ శత్రువు సూది పుణ్యమే.

అలా సేకరించిన రసంలో ఏముంది? దాదాపు 15 నుంచి 20 శాతం వరకు చక్కెర ఉంది. అమైనో ఆమ్లాలు ఉన్నాయి కానీ తక్కువ. ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం పురుగు తనంతట తాను తయారుచేసుకోగలిగినవే. తప్పనిసరిగా బయట నుంచి అందవలసిన అమైనో ఆమ్లాలు బొత్తిగా చాలవు. అంటే ఈ పురుగుకు శక్తికి లోటు లేదు. ఒళ్లు పెంచుకోవడానికీ, గుడ్లు నింపుకోవడానికీ కావలసిన ప్రొటీన్‌కే, అంటే అందులోని నత్రజనికే లోటు. ఆ కాస్త నత్రజని కోసం అది విపరీతంగా రసం పీల్చాలి, అవసరం లేని చక్కెరను విపరీతంగా విసర్జించాలి. దోమ పట్టిన పొలంలో ఆకుల మీద జిగటగా కనిపించేది ఈ విసర్జనే, తర్వాత నల్లని మసిబూజు పెరిగేదీ దాని మీదే.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. అంత చిక్కని చక్కెర నీరు పేగులోకి చేరితే, ద్రవాభిసరణ నియమం ప్రకారం పురుగు రక్తంలోని నీరంతా పేగులోకి లాగబడాలి. తాగుతూనే అది ఎండి చావాలి. పేనుబంక వంటి పురుగులలో ఈ సమస్యకు దొరికిన పరిష్కారాన్ని శాస్త్రవేత్తలు వివరంగా అధ్యయనం చేశారు: పేగులోని ఎంజైములు చిన్న చక్కెర అణువులను విడగొట్టి, కొన్నింటిని తిరిగి పొడవాటి గొలుసులుగా కూర్చడంతో అణువుల సంఖ్య తగ్గి ఒత్తిడి దిగుతుంది. సుడిదోమ పేగులోనూ ఆ తరహా ఎంజైము ఉంది.

విద్యార్థులు ప్రయోగశాలలో తప్పక చేసి చూడవలసిన పని ఒకటి ఉంది. బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగులో ముంచి ఆరబెట్టిన వడపోత కాగితాన్ని కుండీలోని వరి మొక్క మొదట్లో పరిచి, పైన దోమలను ఒక రోజు వదిలితే, పోషక రసం తాగిన దోమల విసర్జన పడిన చోటల్లా కాగితం మీద నీలి మచ్చలు ఏర్పడతాయి. దోమను తట్టుకోలేని వరి రకం కింద పెట్టిన కాగితం నీలి మచ్చలతో నిండిపోతుంది. బాగా తట్టుకునే రకం కింద పెట్టిన దాని మీద ఆ మచ్చలు చాలా తక్కువ. పురుగు ఎంత తాగిందో ఆ కాగితమే చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రసంలో లేని అమైనో ఆమ్లాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సుడిదోమ పొట్టలోని కొవ్వు కణజాలంలో ఈస్ట్‌ను పోలిన శిలీంధ్రాలు లక్షల సంఖ్యలో కాపురం ఉంటాయి. అవి లేకుండా ఈ పురుగు ఎదగలేదు. ఆ పురుగు బయట అవీ బతకలేవు. తల్లి దోమ గుడ్డు తయారవుతున్నప్పుడే ఈ శిలీంధ్రాలు అండంలోకి చేరతాయి కాబట్టి ప్రతి పిల్ల పురుగూ తన వాటాతోనే పుడుతుంది. 2014లో సుడిదోమ జన్యుపటం ప్రచురితమైనప్పుడు ఈ పొత్తు ఎంత లోతైనదో స్పష్టమైంది: అత్యవసర అమైనో ఆమ్లాలను తయారుచేసే జన్యువులు పురుగులో లేవు, శిలీంధ్రంలో ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. మనమూ, చాలా జంతువులూ నత్రజని వ్యర్థాన్ని బయటకు పారేస్తాం. సుడిదోమ దాన్ని యూరిక్ ఆమ్లం రూపంలో ఒంట్లోనే దాచుకుంటుంది. ఆహారంలో నత్రజని తగ్గినప్పుడు శిలీంధ్రాలు ఆ యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టి మళ్లీ అమైనో ఆమ్లాలుగా మార్చి ఇస్తాయి. కీటకాలు ఏవీ స్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోలేవు. కుబుసం విడవడానికి కావలసిన హార్మోనుకు స్టెరాలే ముడిసరుకు. ఆ స్టెరాల్ కూడా సుడిదోమకు ఈ శిలీంధ్రాల నుంచే అందుతుంది. పిల్ల పురుగులను 35 డిగ్రీల వేడిలో కొద్ది రోజులు ఉంచితే శిలీంధ్రాల సంఖ్య బాగా పడిపోతుంది. తర్వాత చల్లని చోటికి మార్చినా ఆ పురుగులు సరిగా ఎదగవు, చాలావరకు కుబుసం విడవలేక చనిపోతాయి. గుబురుగా పెరిగి, గాలి తగలక, మొదళ్ల దగ్గర చల్లగా, తేమగా ఉండే పైరులో ఈ పురుగు ఎందుకు చెలరేగుతుందో ఈ ప్రయోగం కొంతవరకు చెబుతుంది. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మొదలుకొని గ్రామస్థాయి అధికారుల వరకు అందరూ ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్నది ఊరికే కాదు. ఎండ, గాలి మొదలు వరకు దిగితే ఆ పురుగుకే కాదు, దాని ఒంట్లోని సహజీవికీ కష్టమే.

మరి పురుగు ఇలా తాగుతుంటే మొక్క ఊరుకుంటుందా? ఊరుకోదు. సూది దిగిన నాళాలలో వరి మొక్క కాలోజ్ అనే పదార్థాన్ని పేర్చి రసం పారే రంధ్రాలను మూసివేయడానికి ప్రయత్నిస్తుంది. తట్టుకునే రకాలలో ఆ మూత నిలుస్తుంది, పురుగుకు రసం ఆగిపోతుంది. తట్టుకోలేని రకాలలో కాలోజ్‌ను కరిగించే ఎంజైము చురుకై మూత ఊడిపోతుంది, పురుగు మళ్లీ తాగుతుంది. ఇలా ఒక్కో దుబ్బు మీద వందల పురుగులు చేరినప్పుడు వేర్లకు ఆహారం అందదు, గడ్డకట్టిన లాలాజలపు గొట్టాలతో నాళాలు పూడుకుంటాయి, కింది ఆకుల్లోని ప్రొటీన్ కాలానికి ముందే విచ్ఛిన్నమవుతుంది. చివరకు దుబ్బంతా ఎండుతుంది. అదే దోమపోటు.

మొక్కలోని నత్రజని పురుగు ఆకలిని ఎంతగా శాసిస్తుందో చెప్పే పాత పరిశోధన ఒకటి నాకు చాలా ఇష్టం. మన దేశపు వరి రకం ముద్గోను సుడిదోమ ఎందుకు ముట్టదో తెలుసుకోవడానికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సోగవా, పాఠక్ అనే శాస్త్రవేత్తలు 1970లో అధ్యయనం చేశారు. పురుగు ముద్గోలో సూది దించుతూనే ఉంది, కానీ తాగడం లేదు. ఆ రకంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం తక్కువగా ఉందనీ, తాగడం కొనసాగించమని పురుగును పురికొల్పే పదార్థాలలో అది ఒకటనీ వారు గమనించారు. ముద్గో మీద పెరిగిన ఆడ దోమల అండాశయాలు కూడా సరిగా ఎదగలేదు. రుచి చూసి నత్రజని చాలదనుకుంటే ఈ పురుగు వేరే చోట సూది దించుకుంటుంది.

యూరియా బస్తా గురించి ఇప్పుడు నేను విడిగా చెప్పనక్కరలేదు. అవసరానికి మించి, ముఖ్యంగా ఒకేసారి ఎక్కువ మోతాదులో నత్రజని వేస్తే మొక్క దాన్నంతా వెంటనే ప్రొటీన్‌గా మార్చుకోలేదు. మిగిలింది అమైనో ఆమ్లాలుగా రసంలో తిరుగుతుంది. ఆ రసం తాగిన దోమ తొందరగా ఎదుగుతుంది, ఎక్కువ పిల్లలు బతుకుతాయి, ఆడ దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. పొటాష్ కొరత ఉన్న మొక్కలోనూ ఇలాగే అమైనో ఆమ్లాలు పేరుకుంటాయి. పైరు నల్లగా నిగనిగలాడుతుంటే రైతు కంటికి ఎంత ఇంపుగా ఉంటుందో నాకు తెలుసు. కౌలుకు చేసుకునే రైతు దిగుబడి తగ్గుతుందేమోనన్న భయంతో మరో అర బస్తా వేస్తాడని కూడా తెలుసు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ అర బస్తాలో ఎంత గింజకు చేరుతుంది, ఎంత దోమకు చేరుతుంది అన్న లెక్క వేయకుండా దుబ్బుకు మందు కొట్టడం వల్ల ఖర్చే మిగులుతుంది.

రెక్కల సంగతి ఇంకా ఆసక్తికరం. ఒకే తల్లి పిల్లలలో కొన్ని పొడవు రెక్కలతో, కొన్ని పొట్టి రెక్కలతో పెద్దవవుతాయి. పొడవు రెక్కలవి ఎగురుతాయి. పొట్టి రెక్కలవి ఎగరలేవు. ఎగిరే కండరాలకు పోవలసిన ప్రొటీన్ మిగలడంతో పొట్టి రెక్కల ఆడవి త్వరగా గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, ఎక్కువగానూ పెడతాయి. ఒక్కొక్కటి వందల గుడ్లను ఆకు తొడుగును చీల్చి లోపల వరుసగా పేరుస్తుంది. పైకి కనిపించేది సన్నని గోధుమ రంగు గీత మాత్రమే. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు నెల రోజులు చాలు. పిల్ల పురుగు ఏ రెక్కలతో ఎదగాలన్నది పుట్టుకతోనే తేలిపోదు. చుట్టూ ఎంత కిక్కిరిసి ఉంది, తాగుతున్న రసం ఎలా ఉంది అన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ కబురు రెక్క మొగ్గలకు చేరేది ఇన్సులిన్ మార్గం ద్వారానని చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. ఈ పురుగులో ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకాలు రెండు ఉన్నాయి: మొదటిది పైచేయి అయితే పొడవు రెక్కలు, రెండోది దాన్ని అణచివేస్తే పొట్టి రెక్కలు. మనుషులలో మధుమేహంతో ముడిపడిన వ్యవస్థే ఇక్కడ ఒక పురుగు ఉండాలో వలస వెళ్లాలో నిర్ణయిస్తోంది.

ఆ వలస ఎంత దూరమో ఊహించడం కష్టం. 1967 జూలైలో జపాన్ తీరానికి దాదాపు 500 కిలోమీటర్ల దక్షిణాన, నడిసముద్రంలో ఉన్న వాతావరణ పరిశీలక నౌక మీద సుడిదోమతో సహా వరి దోమలు గుంపులుగా వాలాయి. జపాన్ చలికి బతకలేని ఈ పురుగు ప్రతి ఏటా రుతుపవనపు గాలులలో సముద్రం దాటి వస్తోందన్న అవగాహనకు ఆ సంఘటన పెద్ద ఆధారమైంది. అదే దేశంలో 1732 నాటి ఘోర కరువుకు వరి దోమలే ముఖ్య కారణం. అప్పటి రైతులు పొలంలోని నీటిపై తిమింగలం నూనె పోసి, దుబ్బులను దులిపి దోమలను ఆ నూనెలో పడేసేవారు. పురుగు ఒంటి పక్కన ఉండే శ్వాసరంధ్రాలు నూనెతో పూడుకుని ఊపిరాడక అవి చచ్చేవి.

మందుల విషయానికి వస్తే, ముందుగా 1980 నాటి ఒక హెచ్చరికను గుర్తు చేయాలి. అదే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ అనే శాస్త్రవేత్తలు, కొన్ని పురుగు మందులు కొట్టిన తర్వాత సుడిదోమ తగ్గడానికి బదులు ఎందుకు పెరుగుతోందో పరిశీలించారు. సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు వంటి మిత్ర పురుగులు చనిపోవడం ఒక కారణమని అప్పటికే తెలుసు. వారు తేల్చిన అదనపు సంగతి ఏమిటంటే, డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ వంటి మందులు చావని దోమల చేత ఎక్కువ తాగించాయి, ఎక్కువ గుడ్లు పెట్టించాయి. ఈ నష్టాన్ని కళ్లారా చూసిన ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 మందుల వాడకాన్ని నిషేధించింది. మన పల్లెల్లో ఆకుముడత పురుగు కోసం ముందుగా డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరెత్రాయిడ్ కొట్టి, నెల తర్వాత సుడిదోమ కోసం మరో మందు వెతుక్కునే పరిస్థితి ఇప్పటికీ ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో సుడిదోమ మీద గొప్పగా పనిచేసింది. 2003 ప్రాంతం నుంచి ఆసియా దేశాలలో అది విఫలం కావడం మొదలైంది. మందును విడగొట్టే ఒక ఎంజైమును పురుగు ఒంట్లో అధికంగా తయారుచేసుకోవడం దానికి ముఖ్య కారణం. ఇప్పుడు వాడుతున్న మందులలో రెండింటి పనితీరు రైతులు తెలుసుకోవలసి ఉంది. బుప్రోఫెజిన్ కొత్త చర్మం తయారీని అడ్డుకుంటుంది కాబట్టి కుబుసం విడిచే పిల్ల పురుగులే చస్తాయి. పెద్ద దోమలు చావవు, కాకపోతే వాటి గుడ్లు సరిగా పొదగవు. పైమెట్రోజిన్ నాడులను దెబ్బతీయడంతో పురుగు సూది దించడం మానేసి, ఆకలితో కొన్ని రోజులకు చస్తుంది. అందుకే కొట్టిన మరునాడు దుబ్బు విడదీస్తే దోమలు ఇంకా కదులుతూ కనిపిస్తాయి. మందు పనిచేయలేదనుకుని మరో రెండు మందులు కలిపి కొట్టడం ఈ దశలోనే జరుగుతుంది. అవి అప్పటికే తాగడం ఆపేశాయి. పైరుకు జరిగే నష్టం ఆగిపోయింది. మందు ఏదైనా నీటిని తీసివేసి, దుబ్బుల మొదళ్లు తడిసేలా కొడితేనే పురుగుకు చేరుతుంది. పై ఆకుల మీద పడినది సాలీళ్లకు చేరుతుంది.

ఇక రకాల ఎంపిక. ముద్గో నుంచి తెచ్చిన జన్యువుతో 1973లో ఐ.ఆర్. 26 అనే వరి రకం విడుదలైంది; రెండు మూడేళ్లలోనే దాన్ని జీర్ణించుకోగల దోమలు ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేషియాలో పుట్టుకొచ్చాయి. మన దేశపు సుడిదోమ మీద ఆ జన్యువు మొదటి నుంచీ పనిచేయలేదు. కేరళకు చెందిన పి.టి.బి. 33 రకం మాత్రం ఇక్కడ గట్టిగా నిలబడింది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షలలో దాన్నే తట్టుకునే రకానికి కొలమానంగా పెట్టుకుంటారు. మార్టేరు నుంచి వచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాలకు సుడిదోమను కొంత తట్టుకునే గుణం ఉంది. స్వర్ణకు, సాంబ మసూరికి అది లేదు. సన్నబియ్యానికి ఉన్న ధరను వదులుకోమని నేను ఎవరికీ చెప్పలేను. సాంబ మసూరి వేసినవారు నత్రజనిని మూడు దఫాలుగా విడగొట్టి వేసి, మధ్యలో పొలాన్ని ఆరుతడిగా ఉంచి, నాటిన నెల నుంచి వారానికి ఒకసారి మడి మధ్యకు దిగి దుబ్బులు విడదీసి చూడాలి. గట్టు మీద నుంచి చూస్తే మచ్చ ఏర్పడేదాకా ఏమీ కనిపించదు. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిన తర్వాత 20–25 దోమలు ఉంటే మందు గురించి ఆలోచించాలి. అంతకు తక్కువ ఉండి, సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా కనిపిస్తుంటే ఆగవచ్చు. లెక్కపెట్టేటప్పుడు పొట్టి రెక్కల ఆడ దోమలు ఎన్ని ఉన్నాయో విడిగా చూసుకోండి. అవి ఎక్కువగా ఉంటే ఆ మడిలోని రసం వాటికి నచ్చిందని అర్థం; అప్పుడు తర్వాతి దఫా యూరియాను ఆపి, మూడు నాలుగు రోజులలోనే మళ్లీ దిగి చూడండి.